మరియమాత ముందు స్టూలు

బ్రదర్ బాలశౌరికి ఆ గుడిలో ఒక్కటే నచ్చలేదు. మరియమాత స్వరూపం, అంటే ఆమె విగ్రహం. తనూ ఫాదర్ కావడానికి చదువుతూ, పెద్దాయన ఫాదర్ జోజప్పగారి దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చాడు. వచ్చేటప్పుడు బస్సులో ఎవరో, "బొమ్మలకు మొక్కేవాళ్ళు కదూ మీరు?" అని నవ్వారు. ఆ నవ్వు అతన్ని వదల్లేదు.

ఈస్టర్‌కు ముందు రెండు వారాలు స్వరూపాలన్నిటినీ ఊదారంగు గుడ్డతో కప్పడం అక్కడి ఆచారం. బాలశౌరి ఉత్సాహంగా కప్పాడు.

"పండగయ్యాక కూడా ఇలాగే ఉంచేద్దాం ఫాదర్. దేవుడు వినడానికి బొమ్మ ఎందుకు?"

జోజప్పగారు వంటింట్లోంచి ఒక స్టూలు తెచ్చి, కప్పిన స్వరూపం ముందు వేశారు.

"ఆ చోటు ఖాళీగా ఉండకూడదు. సాయంత్రాలు నువ్వు కూర్చో."

పొద్దు వాలాక ఇన్నాసమ్మ వచ్చింది. ఒంటరి మనిషి. రోజూ వచ్చి మరియమాత పాదాలు పట్టుకుని, ఆనాటి సంగతులు చెప్పుకుని పోతుంది. ఆమె చెయ్యి తగిలీ తగిలీ ఆ కాలివేళ్ళ రంగు పోయింది. గుడ్డ చూసి కాసేపు నిలబడింది. తర్వాత బాలశౌరి ముందు చతికిలబడింది.

"అమ్మ మొహం కప్పేశారుగా. నీకే చెప్తా నాయనా."

మేక కుంటుతోందంది. ఆయన పోయి మూడేళ్ళయినా ఎసట్లో ఇద్దరి బియ్యమే పోస్తున్నానంది. మళ్ళీ మేక దగ్గరికి వచ్చింది. బాలశౌరి గడియారం చూసుకుని లేచాడు.

"జపానికి వేళయిందమ్మా. రేపు చెబుదువుగాని."

"పో నాయనా, నీకు పనులుంటాయి" అంది, ఏమీ అనుకోకుండా. "ఆ తల్లికైతే ఉండవు. ఒక్కనాడూ మధ్యలో లేవలేదు."

భోజనాల దగ్గర ఫాదర్ అడిగారు. "ఇన్నాసమ్మ ఏం చెప్పింది?"

"మేక సంగతి ఫాదర్."

"తర్వాత?"

"జపానికి వేళయిందని మధ్యలో లేచొచ్చాను ఫాదర్."

మర్నాడు కూర్చున్నాడు. ఆ మర్నాడూ కూర్చున్నాడు. మేక కాలు నయమయ్యేదాకా విన్నాడు. బియ్యం సంగతి మాత్రం ఆమె రోజూ చెప్పింది.

పండగ ముందురోజు గుడ్డ అతనే తీశాడు. ఆ వేళ్ళకు రంగు వేయించమంటారా అని అడగబోయి, మానుకున్నాడు. స్టూలు ఎత్తుకుని వంటింటి వైపు నడిచాడు.

"అక్కడే ఉండనీ" అన్నారు జోజప్పగారు.

"వినడానికి అమ్మ ఉందిగా ఫాదర్."

"వింటుంది. చీకటి పడ్డాక ఇన్నాసమ్మను ఇంటిదాకా దిగబెట్టేదెవరు?"

బాలశౌరి స్టూలు దించాడు.