కొంగ కాలికి సీసపు గుండు

మొగుడు పోయాక నాంచారికి రాజుగారి చేనుకాపలా దొరికింది. పలకరించే మనిషి లేడు. పక్క మడుగులో ఒంటికాలి మీద నిలబడే ముసలి కొంగే తోడు. దాన్ని చూసి చూసి తనూ అలాగే నిలబడటం అలవాటు చేసుకుంది.

ఒకనాడు రాజుగారి వెంట ఆస్థానయోగి నిటారుస్వామి వచ్చాడు. దారానికి సీసపు గుండు వేలాడదీసి శిష్యుల ఒంట్లో వంకరలు పట్టుకోవడం ఆయన పద్ధతి. ఒంటికాలి మీద నిలబడి ఉన్న నాంచారి పక్కన కూడా వేలాడదీశాడు.

"మోకాలు వంకర! మా మూలగురువు కొంగను చూసి కనిపెట్టిన ఆసనాన్ని పాడు చేస్తోంది. దీన్ని చేను వదిలి పొమ్మనండి ప్రభూ!"

"నేనూ కొంగ దగ్గరే నేర్చుకున్నా సామీ," అంది నాంచారి. "మీ మూలగురువుదీ నాదీ ఒకే బడి. ముందు మా పంతులికి గుండు పట్టండి. దాని కాలు నిటారుగా ఉంటే నేనే పోతా."

రాజు సరేనన్నాడు. స్వామి గుండు పట్టుకుని బురదలోకి దిగాడు. కొంగ ఎగిరిపోయింది.

రాజు పగలబడి నవ్వాడు. "గురువే మీకు దొరకలేదు, శిష్యురాలినేం దిద్దుతారు స్వామీ? ఉండనివ్వండి!"

అందరూ వెళ్లిపోయారు. పొద్దు వాలినా కొంగ రాలేదు. నాంచారి ఖాళీ మడుగులోకి దిగి ఒంటికాలి మీద నిలబడింది, వంకరగానే. పైనుంచి చూస్తే, తోటి కొంగ అనుకుని దిగుతుందేమోనని.