పూడని గండి

అనగనగా, మీ తాతల తాతలు కూడా పుట్టకముందు, ఏరువాడ రాజ్యంలో వరసగా కొన్నేళ్ళు వానలు ఎగ్గొట్టాయి. పొలాలు బీడుపడ్డాయి. చేతిలో పనిలేక జనం మూటాముల్లె సర్దుకుంటున్నారు.

రాజు మల్లభూపతి మంచివాడే, కాదనను. కోట గాదెలు తెరిచి దండోరా వేయించాడు. "వాగుకు అడ్డంగా ఆనకట్ట కడదాం. పని జరిగినన్నాళ్ళూ ఇంటిల్లిపాదికీ గింజలు కొలుస్తాం. పని ముగిశాక ఎవరి దారి వారిది!"

జనం ఎగబడ్డారు. కట్ట చకచకా లేచింది. నీళ్ళు పోవడానికి నడుమ వదిలిన గండి ఒక్కటే మిగిలింది. తీరా అక్కడికొచ్చాక పని ఆగిపోయింది! గంపెడు మోసే చోట గుప్పెడు మోశారు.

ఏమిటీ ఆలస్యమని రాజు వచ్చి అడిగాడు. "మూఢం నడుస్తోంది ప్రభూ, ఇప్పుడు గండి పూడిస్తే కీడు" అన్నాడు మేస్త్రి ఓబయ్య. కొన్నాళ్ళకు రాజు మళ్ళీ వచ్చాడు. "అమావాస్య దగ్గరపడింది ప్రభూ" అన్నాడు ఓబయ్య. రాజు తలూపి వెళ్ళిపోయాడు. ముహూర్తమంటే ఆయనకీ భయమేగా!

ఇంతలో కొండల మీద మబ్బు కమ్మింది. వాగు ఎర్రగా పొంగసాగింది. గండి కింది పల్లంలోనే కూలివాళ్ళ గుడిసెలు. మట్టి మోసే సుంకులమ్మ తన గుడిసె వైపు చూసింది. ఆమె కూతురు గుడిసెలో పురిటినొప్పులు పడుతోంది, కదిలించే వీల్లేదు. గండి వదిలేస్తే వరద మింగుతుంది. పూడిస్తే రేపటి గింజలు పోతాయి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి!

రాజు మూడోసారి గుర్రం మీద పరుగున వచ్చాడు. "ఇవాళ వర్జ్యం..." అని ఓబయ్య నసిగాడు.

"చాల్లే మామా, అబద్ధాలు!" సుంకులమ్మ గంప విసిరికొట్టింది. "దొరా, తిట్టినా సరే, నిజం చెబుతా. మూఢమూ లేదు, వర్జ్యమూ లేదు. ఈ గండి పూడితే మా పొయ్యి ఆరిపోతుంది. పని అయిపోతుందన్న భయంతో మేమే పని ఆపుకున్నాం. రేపు మేమేం తినాలి?"

రాజు తెల్లబోయాడు. కూలి ఇచ్చాను గానీ బతుకు చూపించలేదే అని నొచ్చుకున్నాడు. గుర్రం దిగి, అందరికీ వినబడేలా అన్నాడు. "ఈ నీళ్ళు పారినంత మేరా బీడు మీదే. కట్ట కట్టినవాళ్ళే దున్నుకోండి. తొలి పంట ఇంటికొచ్చేదాకా గింజలు నేను కొలుస్తాను. మా అమ్మ మీద ఒట్టు!"

ఇంకేముంది! ఓబయ్యే ముందు దూకాడు. ఆడా మగా గంపల మీద గంపలు పోశారు. నీళ్ళు మోకాళ్ళు దాటి నడుం దాకా వచ్చాయి. పోసిన మట్టి జారిపోయింది, మళ్ళీ పోశారు. అమ్మో, ఆ గడియ తలచుకుంటే నాకిప్పటికీ వణుకే! చివరికి గండి పూడింది. వాగు కట్టను కొట్టి, వెనక్కి తగ్గి, నిలిచింది.

సుంకులమ్మ మట్టి చేతులతోనే గుడిసెకు పరుగెత్తింది. లోపల పసిబిడ్డ కేర్‌మంటోంది.

విన్నారుగా పిల్లలూ, కూలి ఇస్తే ఆ పూటకు పొయ్యి వెలుగుతుంది. పని ముగిశాక కూడా బతుకుంటుందని చూపిస్తేనే ఆ పని ముగుస్తుంది.