నత్తక్క వంతు

ఒకప్పుడు కీచురాయి పక్కనుంచి ఏనుగు నడిచి వెళ్ళినా పాట ఆపేది కాదు. ఆపితే ఒక్క నత్తక్క కోసమే.

కుమ్మరి ఇంటి వెనక, పగిలిన కుండలో ఆ ఇద్దరి కచేరీ జరిగేది. కీచురాయి రెక్కకి రెక్క రాసి సన్నగా వాయించేది. ఆగేది. అప్పుడు నత్తక్క తన గుల్లలోకి ఊది, 'బూమ్' అని బదులిచ్చేది. కీచురాయిది ఎంత హడావుడో, నత్తక్కది అంత నిదానం. అయినా పాట కుదిరేది.

వినేవాళ్ళు ఎక్కువమంది లేరు. తప్పుడు చోట తల ఊపే బల్లి పిన్ని, పాట మధ్యలో "ఇంట్లో పనుంది" అని లేచిపోయే చీమ వదిన. మిగతా ఊరంతా కప్పల కచేరీకే పోయేది. పుణ్యాత్ములు, చెవిలో ఏది పడినా సంగీతమే.

ఒక సాయంత్రం బల్లి పిన్ని అంది: "ఒరే కీచురాయీ, వాయింపంటే నీదేరా! ఆ నత్త ఊదేలోపు నాకు నిద్రొచ్చేస్తోంది."

ఈ పిన్ని సొంత పెళ్ళిలోనే నిద్రపోయింది. అయినా కీచురాయి నమ్మింది. కళ్ళు మూసుకుని వాయించింది, వాయించింది... ఆపనే లేదు.

నత్తక్క గుల్ల పైకెత్తి ఎదురుచూసింది. "తమ్ముడూ, నేనూ ఉన్నానురా," అంది. రెక్కల మోతలో ఆ మాట వినబడలేదు.

నత్తక్క కుండ దిగి వెళ్ళిపోయింది. దాని నడక తెలుసుగా! అంచు దాటడానికే బోలెడు సేపు పట్టింది. మధ్యలో ఒక్కసారి కళ్ళు తెరిచినా తమ్ముడికి దొరికేది.

పాట ముగించి చూస్తే కుండ ఖాళీ. అంచు మీద తడి గీత ఒకటి మెరుస్తోంది. బయటికి పరుగెత్తితే, గడ్డిలో అదీ ఆరిపోయింది.

"అక్కా! ఇదిగో, ఆపేశాను. నీ వంతే!"

ఎవరూ ఊదలేదు. ఇంతలో ఎండుటాకు కదిలింది.

"అక్కా?"

"నేనేలే," అంది చీమ వదిన. "బెల్లం ముక్క మర్చిపోయాను."

అప్పటినుంచే, పక్కన చిన్న అలికిడైనా కీచురాయి టక్కున పాట ఆపేస్తుంది. మనం దగ్గరికెళ్తే భయపడిందనుకుంటాం. మన గొప్ప మనది. అది వంతు ఇస్తోంది. నత్త నడిస్తే చప్పుడే ఉండదని దానికి చెప్పడానికి ఊళ్ళో ఎవరికీ నోరు రాలేదు. కాసేపు చెవి ఒగ్గి వింటుంది. ఎవరూ అందుకోకపోతే, మళ్ళీ ఒంటరిగా మొదలుపెడుతుంది.