తిప్పక్క భాగం

ఊఁ కొట్టేవాళ్లుంటేనే చెబుతాను. మధ్యలో కునుకు తీసేవాళ్లు ఇప్పుడే వెళ్లి పడుకోండి. ఇది చీకటి కథ, కళ్లు తెరుచుకుని వినాలి.

అనగా అనగా, మన తాతల తాతలకు కూడా మీసాలు రాని కాలంలో, ఎర్రమట్టి గుట్టల నడుమ ఒక వేటగాళ్ల పాళెం ఉండేది. ఆ పాళేనికి మూడు గర్వాలు. తమ గుట్టలు, తమ కుక్కలు, తమ పంపకం. వేటలో ఏది దొరికినా అందరి ముందూ భాగాలు వేసేవాళ్లు. వేటగాడికి ఒక భాగం, వాడి కుక్కకు ఒక భాగం. కుక్క భాగం అంటే చులకన అనుకునేరు. అది అందుకున్న ఇల్లు తలెత్తుకుని తిరిగేది. వేటకుక్క లేని ఇంటికి మాత్రం భాగం లేదు.

తిప్పక్క ఇంటికి భాగం లేదు. మొగుడు జ్వరంతో పోయాడు, ఆ ఏడే ముసలి కుక్కా పోయింది. అప్పటినుంచి పంపకం అయిపోయాక ఎవరో ఒకరు అయ్యో పాపం అంటూ ఆమె గిన్నెలో ఒక ముక్క వేసేవాళ్లు. జాలి ముక్క అనేవాళ్లు దాన్ని. ఆ ముక్క తిప్పక్కకు గొంతు దిగేది కాదు.

ఆమె పని కుక్కల కాళ్లలో ముళ్లు తీయడం. రాత్రి వేట ముగించుకుని వచ్చిన కుక్కలు కుంటుకుంటూ వచ్చి ఆమె గుడిసె ముందు పడుకునేవి. ఒక్కటీ ఆమెను కరిచేది కాదు.

ఒక ఏడాది పాళెం పెద్ద బజారప్ప ఇంట్లో కుక్క ఈనింది. మంచి పిల్లల్ని మంచి వేటగాళ్లు ఎత్తుకుపోయారు. బూడిద రంగుది ఒకటి మిగిలింది. తిప్పక్క దాన్ని చంకన పెట్టుకుని వస్తుంటే బజారప్ప కొడుకు మారెప్ప ఊరుకుంటాడా, వదిన వరస కదా.

"వదినా, దానికి కాళ్లు తప్ప ఇంగేం ఉండాయి? పందిరికి గుంజలు కావాల్నా?"

"పందిరి ఏసినప్పుడు నిన్నే పిలుస్తాలే మారెప్పా, నీడన కూసుందువు గానీ," అంది తిప్పక్క.

దానికి బూదిగాడని పేరు పెట్టింది.

పిల్లకుక్కను వేటకు దించడానికి పాళెంలో ఒక పద్ధతి ఉండేది. వెన్నెల రాత్రి ముసలి కుక్క మెడకు పిల్లను కట్టి తరిమేవాళ్లు. ముసలిది మొరిగితే పిల్లా మొరిగేది. ముసలిది చీలిస్తే పిల్లా చీల్చేది. అలా ముసలి కుక్కల చెడ్డ బుద్ధులన్నీ పిల్లలకు అంటుకున్నాయి. గుట్టల్లో చెవులపిల్లులు, అదే కుందేళ్లు, ఏటికేడు తగ్గిపోతుంటే, గుట్ట గొడ్డుబోయిందని గుట్టను తిట్టేవాళ్లు.

తిప్పక్క బూదిగాణ్ణి ఏ కుక్కకూ కట్టలేదు. ముందు నోరు కట్టడం నేర్పింది. చీకట్లో పక్కన కూర్చోబెట్టుకుని, వాడు గుర్రుమంటే మూతి మీద చెయ్యి వేసేది. తరువాత గాలి నేర్పింది. గాలి మొహానికి తగిలేలా నడవడం, ఆగడం, మళ్లీ నడవడం. చివరికి మెత్తని నోరు నేర్పింది. చెవులపిల్లి తోలులో దూది కూరి, దూది నడుమ కోడిగుడ్డు పెట్టి దూరంగా విసిరేది. గుడ్డు పగలకుండా తెచ్చి చేతిలో పెట్టాలి. ఎన్ని గుడ్లు పగిలాయో ఆ కోడికే తెలియాలి. పగిలినప్పుడల్లా తిప్పక్క కొట్టేది కాదు, తిట్టేది కాదు. ఒకే మాట అనేది.

"నిదానం కొడుకా. చీకటి యాటికీ పోదు."

బూదిగాడికి కాళ్లు ముదిరాయి. గుడ్డు పగలడం మానింది. అప్పుడు తిప్పక్క బజారప్ప ముందు నిలబడింది.

"మామా, నా కుక్క వేటకు దిగుతుంది. దాని భాగం నాకియ్యాల."

"ఆడమనిషి రాత్రి వేటకు పోయేది యాడన్నా ఉందా కోడలా?" అన్నాడు బజారప్ప. ఆమె కదల్లేదు. ఆయన గడ్డం గోక్కుని మళ్లీ అన్నాడు. "సరే. అమాస ముందర మూడు రాత్రులు ఇస్తాండా. చెవులపిల్లిని పానంతో తెచ్చి నాకు చూపియ్యి. కాలికి ఉచ్చు గాటు ఉండకూడదు. తేలేదంటే ఇంగ ఆ మాట ఎత్తొద్దు."

మొదటి రాత్రి బూదిగాడికి రెండు చెవులపిల్లులు ఒక్కసారే లేచాయి. దాని వెంటా, దీని వెంటా పరిగెత్తి ఉత్త నోటితో వచ్చాడు. "నిదానం కొడుకా. చీకటి యాటికీ పోదు," అంది తిప్పక్క.

రెండో రాత్రి చెవులపిల్లి మలుపు తిరిగింది, వాడు తిరగలేక ముళ్లపొదలో పడ్డాడు. తిప్పక్క పొద్దెక్కేదాకా ముళ్లు తీసింది. "నిదానం కొడుకా. చీకటి యాటికీ పోదు," అంది.

మూడో రాత్రి గాలి మొహానికి కొట్టింది. బూదిగాడు చప్పుడు లేకుండా పోయాడు. కాసేపటికి మెత్తగా, వెచ్చగా ఏదో ఆమె చేతుల్లో పెట్టాడు. చెవులపిల్లి. ప్రాణంతో ఉంది, ఒంటి మీద గాటు లేదు. తిప్పక్క గుండె పొంగిపోయింది. దాన్ని చీరకొంగులో చుట్టుకుని పాళెం దారి పట్టింది.

దారిలో కొంగు తడిసింది. తడిమి చూసింది. పాలు.

పాళెం మంటలు కనిపిస్తూనే ఉన్నాయి. నాలుగు అంగలు వేస్తే భాగం ఆమెది, ఇక జన్మలో జాలి ముక్క తినక్కర్లేదు. కానీ ఎక్కడో పొదలో పిల్లలు తల్లి కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తుంటాయి. తిప్పక్క ఏడ్చింది. ఏడుస్తూనే వెనక్కి నడిచి, దొరికిన చోటే దాన్ని వదిలేసింది. బూదిగాడు దాని వెంట పడలేదు, ఆమె మొహం చూశాడు.

తెల్లారింది. తిప్పక్క వట్టి చేతులతో బజారప్ప ముందు నిలబడి జరిగింది చెప్పింది. మారెప్ప పడీ పడీ నవ్వాడు. "పట్టినాం గానీ వదిలేసినాం అని మేమూ చెప్పొచ్చు వదినా, దినామూ."

బజారప్ప నవ్వలేదు. కొంగుకు అంటుకున్న వెంట్రుకలు చూశాడు. ఎండిన పాల మరక చూశాడు. తన కుక్కలు చీల్చి తెచ్చినవాటిలో పాలతల్లులు ఎన్ని ఉండేవో ఆయనకు తెలుసు.

"పోనీలే కోడలా, ఈ పొద్దు మంచి ముక్కే పెట్టిస్తా," అన్నాడు.

"జాలి ముక్క నాకొద్దు మామా," అంది తిప్పక్క. "నా కుక్క భాగం కావాల. నమ్మకం లేదంటే రేతిరికి నువ్వే రా."

ఆ రాత్రి పాళెం పెద్ద ఒక ముళ్లు తీసే మనిషి వెనక నడిచాడు. దీపం తెస్తే ఆర్పించింది. దగ్గబోతే ఉష్ అంది. గాలికి ఎదురు తిరిగి కూర్చున్నారు. బూదిగాడు పోయాడు. మొరుగు లేదు, అరుపు లేదు. బజారప్ప విసుగుతో లేవబోయాడు.

"నిదానం మామా. చీకటి యాటికీ పోదు. చెయ్యి చాపు."

చాపిన చేతుల్లో బూదిగాడు చెవులపిల్లిని పెట్టాడు. బజారప్ప పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ వేటాడుతున్నాడు. కానీ చెవులపిల్లి గుండె చేతిలో కొట్టుకోవడం ఆయనకు అదే మొదలు. కడుపు తడిమాడు.

"పోతుదే, తీసుకో," అంది తిప్పక్క.

మర్నాడు పంపకంలో బజారప్ప మొదట ఆమెనే పిలిచాడు. "ఇది బూదిగాడి భాగం. ఇది వేటగాడి భాగం." రెండూ ఆమె గిన్నెలోనే వేశాడు. ఆ పొద్దు తిప్పక్క నడుస్తుంటే చూడాలి, పాళెం దారి ఆమెకు చాల్లేదు. సాయంత్రానికి మారెప్ప తన పిల్లకుక్కను ఎత్తుకుని గుడిసె ముందుకొచ్చాడు.

"వదినా, దీనికి గూడా నేర్పుతావా?"

"గుడ్లు తెచ్చుకో," అంది.

అప్పటినుంచి పాళెంలో పుట్టిన ప్రతి కుక్కా ఆమె చేతి కిందే వేటకు దిగింది. గుట్టల్లో చెవులపిల్లులు మళ్లీ కనబడ్డాయి. ముసలిదై తిప్పక్క కన్నుమూసిన రాత్రి, ఆమె నేర్పిన కుక్కలన్నీ గుడిసె చుట్టూ చేరి తెల్లారేదాకా కూర్చున్నాయి. ఒక్కటీ నోరు విప్పలేదు. ఆమె నేర్పిందే అది.

ఆ గుట్ట కింద ఒక రాయి ఉంది. చుట్టుపక్కల వీరుల రాళ్ల మీద కత్తులుంటాయి. దీని మీద ఒక ఆడమనిషి, పక్కన సన్నని కుక్క. చెవులపిల్లి కుక్క నోట్లో లేదు, ఆమె చేతుల్లో ఉంది. ఈనాటికీ అక్కడివాళ్లు పిల్లకుక్కకు మొదటిసారి తాడు విప్పేటప్పుడు దాని చెవిలో ఆమె మాటే చెబుతారు. పట్టింది పాలతల్లి అయితే వదిలేస్తారు. అలా వట్టి చేతులతో ఇల్లు చేరినవాణ్ణి ఏమైందిరా అని అడిగితే, తలెత్తి ఒకటే చెబుతాడు.

"తిప్పక్క భాగం ఇచ్చొచ్చినా."

ఆ మాటకు అక్కడ ఎవరూ నవ్వరు.