రెండు తేనెపట్లు, గదుల్లో దూరిన పురుగు

చింకరగుట్ట అడవిలో ఎలుగులు, నెమళ్లు, ఉడతలు, తేనెటీగలు ఉండేవి. అక్కడొక మద్దిచెట్టుకు రెండు తేనెపట్లు. ఒక్కోదానికి రెండు వేల గదులు. పై పట్టు పాతది, దానికి ముత్తి కావలి. కింది పట్టు కొత్తది, దానికి రంగి కావలి.

రంగి పట్టు కట్టిన తొలివారమే మైనం తినే పురుగొకటి లోపలికి చేరింది.

"ఇదెవరే?" అంది ఒక ఈగ.

"మనతోపాటే పెరుగుతోందిగా, మనదే అయ్యుంటుంది. పోనీలే," అంది రంగి.

పురుగు ఒకటి పదయింది, పది వందయింది. అప్పుడుగానీ రంగి ఈగలు వాటిని కుట్టడం మొదలుపెట్టలేదు.

వేసవిలో అవి పై పట్టుకూ పాకాయి. ముత్తి వెంటనే పసిగట్టింది. "పురుగు గది లోపల దాక్కుంది. గదితో సహా కొరికి పడెయ్యండి!"

"మన గదులే అత్తా! లోపల మన పిల్లలున్నారు!" అంది ఒక ఈగ.

"తెలుసే. అయినా తప్పదు."

పది రోజుల్లో ఏడు వందల గదులు రాలాయి. పట్టు పచ్చకామెర్లు వచ్చినట్టు పసుపురంగు తిరిగి వేలాడింది. ఎన్నో ఈగలు చచ్చాయి. కానీ పురుగు ఒక్కటీ మిగల్లేదు. వానలు పడేసరికి రెండు వేల గదులూ మళ్లీ లేచాయి.

గదులు రాలుతున్నప్పుడు రంగి మాత్రం నవ్వింది. "పురుగుల కోసం ఇల్లు కూల్చుకుంటారా ముత్తక్కా? మేం రోజుకు ఐదింటిని చంపుతున్నాం, చాలదూ?"

రోజుకు పది పుడుతున్నాయని రంగి లెక్క చూడలేదు. పైగా పురుగులు గుమ్మాల దగ్గర తాము అల్లుకున్న దారపు గూళ్లను ఖాళీగా వదిలేవి. కావలి ఈగలు వాటినే పురుగులనుకుని పొద్దస్తమానం కుట్టి అలసిపోయేవి. చిల్లుపడిన ప్రతి గదినీ చెట్టుబంకతో పూడ్చేవి. బంక రాయిలా గట్టిపడేది. అందులో ఇక తేనె నిలవదు.

మూడేళ్లు గడిచాయి. రంగి గదులు లెక్కపెట్టింది. బంక నిండినవి పదకొండు వందలు. పురుగులున్నవి ఆరు వందలు. మంచివి మూడు వందలే.

"అక్కా, ఇప్పుడు నీలాగే కొరికేస్తే?" పై పట్టుకేసి చూస్తూ అడిగింది రంగి.

"బంక బరువంతా ఆ మూడు వందలే మోయలేవు, పట్టు కొమ్మకు ఆగదే చెల్లీ," అంది ముత్తి. " మొత్తం ఊడిపడుతుంది."

"మరి మా పిల్లలు?"

"పురుగు పూర్తిగా పోదు. ఖాళీ గూళ్ల జోలికి పోకుండా ఆ మూడు వందలకూ కాపు పెట్టు. ఒక్క పూట కూడా మానకు."

రంగి అలసిన ఈగల్లోంచి నలభై మందిని ఏరి, మంచి గదుల అంచుకు బయలుదేరింది.

నీతి: కాలేయంలో చేరే హెపటైటిస్ బి వైరస్‌తోనూ మన శరీరం చేసే పోరు ఇలాగే ఉంటుంది, శత్రువును మొదట్లోనే గుర్తుపట్టి గట్టిగా తరిమితే గాయం మానుతుంది, అలవాటుపడి అరకొరగా పోరాడితే ఇల్లే రాయవుతుంది.