నిటారు రాజుకి పోసిన నీళ్ళు

అనగనగనగా, ఏడు ఉప్పుమళ్ళకి అవతల, ఎనిమిదో మడికి ఇవతల ఒక రాజ్యం. నీళ్ళు పోసుకోమంటే మంచం కింద దూరే దాసుగాడు ముందుకొచ్చి కూచోవాలి, ఈ కథ వాడికే. అందరూ ఊ కొట్టాలి. ఊ ఆగిందో, రాజు తొట్లో ఉండగానే కథ ఆపేసి పడుకుంటాను. నాకేం, నాకు కథ తెలుసు.

ఆ రాజ్యంలో ఉప్పు పండుతుంది. మన కొట్లో ఉప్పనుకున్నారేమో, ఒక్కో రాయి గుమ్మడికాయంత. సూర్యుడు పొద్దున్నే ఆ కుప్పల్లో మొహం చూసుకుని, బొట్టు సరిచేసుకుని గానీ పైకెక్కేవాడు కాదంట. నవ్వకే బుల్లీ. మా అమ్మమ్మకి అమ్మమ్మ ఆ ఊరి కోడలే. ఆ ఉప్పు నా ఒంట్లో ఉంది కాబట్టే నా మాటకింత రుచి.

రాజు పేరు కంఠీరవరాజు. రాజన్నవాడు వంగకూడదని ఎవడో చెప్తే, పన్నెండేళ్ళు వంగలేదు. కిరీటం జారుతుందని నిద్దట్లో కూడా నిటారే. చెప్పులు మంత్రి తొడగాలి, ముద్ద నోటిదాకా రావాలి. వంగక వంగక, ఒకరోజు వంగుదామని చూస్తే ఏముంది, మెడ వంగదు, నడుం వంగదు, మోకాలు వంగదు. టేకుదుంగ. కూచోబెడితే పడిపోతాడు, పడుకోబెడితే దొర్లిపోతాడు. ఆఖరికి నిచ్చెనని చేరేసినట్టు గోడకి చేరేసి ఉంచారంట. ఊ కొడుతున్నారా?

ఇంతలో రాజుగారి కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఆ వంశంలో ఒక ఆచారం. ఇరవయ్యొకటో రోజున తాత వంగి, ఉయ్యాల్లో ఉన్న పిల్ల చెవిలో మూడుసార్లు పేరు చెప్పాలి. పిల్లనే పైకెత్తొచ్చుగా అంటావా దాసూ? నేనూ మా అమ్మమ్మని అదే అడిగాను. కుదరదంట. పిల్ల ఉయ్యాల్లోనే ఉండాలి, తాతే వంగాలి. లేదా, ఆ పిల్లకి బతికినన్నాళ్ళూ పేరు లేదు.

వైద్యులొచ్చారు. ఒకడు పులికొవ్వు రాశాడు, ఒకడు పట్టు వేశాడు, ఒకడు ఏనుగు చేత నడుం తొక్కించాడు. ఏనుగు కాలు బెణికింది. ఆ ఏనుక్కి కట్టు కట్టడానికి మళ్ళీ ముగ్గురు వైద్యులు.

కోటలో బాలింతకి నీళ్ళు పోసేది పైడమ్మ. నీళ్ళు కాచేది ఆవిడ కోడలు నూకాలు. పైడమ్మకి నాలాగే నోరు ఊరుకోదు. రాజుగారి ఎదురుగానే, నా చేత్తో నీళ్ళు పోస్తే బండరాయైనా ఒళ్ళు విరుచుకుంటుంది అనేసింది.

రాజుకి పెదాలొక్కటే కదుల్తాయి.

"పేరు పెట్టే రోజుకి ఇంక మూడు రోజులు. వంగానా, మీ ఇంటికి వంద ఉప్పుమళ్ళు. వంగలేదా, అత్తాకోడళ్ళు కాగు నెత్తిన పెట్టుకుని నా పొలిమేర దాటి పోవాలి."

 నూకాలుకి అప్పుడు ఏడో నెల. ఎక్కడికని పోతుంది, ఏ చెట్టు కింద కంటుంది? దారిపొడుగునా అత్తని ఒక్క మాట అనలేదు, పొట్టమీద చెయ్యి తియ్యలేదు. పైడమ్మే ఆగి, "ఏటే, తిట్టకుండా నడుస్తావేటి, భయమేస్తంది" అంది.

"తిడితే తిరిగొస్తాయా అత్తా ఆ మాటలు? బుట్టలియ్యి, ఆకు కోసుకొస్తాను."

కొండెక్కి వావిలాకు కోసింది. కొండ దిగి చింతాకు దూసింది. వాగు దాటి వట్టివేరు తవ్వింది. వాకిట కూచుని పసుపుకొమ్ము దంచింది. ఇహ మడి అడుగున చేదుప్పు ఉంటుంది. మంచి ఉప్పు తీసేశాక మిగిలేది. నోట్లో పెడితే ఉమ్మేస్తాం, కాళ్ళు ముంచితే మాత్రం తియ్యబుద్ధి కాదు. మళ్ళల్లో పనిచేసేవాళ్ళు దాంతోనే నెప్పులు తీర్చుకునేవాళ్ళంట. అదో రెండు తట్టలు.

ఆ ఊళ్ళో ఇంకో ఆచారం ఉంది. ఏ గిన్నె పొయ్యెక్కినా ముందు ఉప్పు పడాల్సిందే. అది ఉప్పుతల్లికి మొదటి వాటా. అన్నానికీ ముందు ఉప్పే, పప్పుకీ ముందు ఉప్పే, పాయసానికి కూడా చిటికెడు. రాజుగారి నీళ్ళు కదా అని పైడమ్మ రెండు తట్టల చేదుప్పూ ముందు కాగులో కుమ్మరించి, ఆపైన ఆకులేసింది. పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా మరిగించారు. ఆకు ఎంత పచ్చగా వెళ్ళిందో అంత పచ్చగా పైకి తేలింది. నీళ్ళు ఎంత తెల్లగా పోశారో అంత తెల్లగా ఉన్నాయి. రాజుని తొట్లో దించారు. మొసలిలా తేలాడు, అంతే.

రెండో రోజు. కొండెక్కి వావిలాకు, కొండ దిగి చింతాకు, వాగు దాటి వట్టివేరు, వాకిట పసుపుకొమ్ము. ఈసారి ఉప్పు నాలుగు తట్టలు. రాజు ఇంకా బాగా తేలాడు. భటులు అప్పుడే కాగుకి తాడు కట్టి, మొయ్యడానికి వీలుగా ఉందో లేదో చూసి వెళ్ళారు.

మూడో రోజు పొద్దున్నే నూకాలు పొయ్యి దగ్గర కూచుంది. కడుపుతో ఉన్న మనిషి కదా, పుట్టింటి పప్పు మీదకి మనసు పోయింది. ఆవిడ పుట్టిల్లు కొండకింది పల్లె. అక్కడ కందిపప్పంటే వెన్నలా ఉంటుంది. ఇక్కడ అత్తారింట్లో పప్పు గరిటెతో కొడితే గోడకి తగిలి వెనక్కొస్తుంది. పప్పంటే పటపట నమిలేదే అనుకుంటారు ఆ ఊరి జనం. నూకాలు ఒక బద్ద తీసి వేళ్ళతో నొక్కింది. నలగలేదు. మా అమ్మ వండితే ఎందుకు నలిగేది అనుకుంది. అమ్మ పప్పు మెత్తగా ఉడికి, పప్పుగుత్తితో ఎనిపాకే ఉప్పు వేసేది. ఇక్కడ ముందే వేస్తారు.

బద్ద వంక చూసింది. కాగులో నిన్నటి ఆకు వంక చూసింది. లేచి నిలబడింది.

"అత్తా, ఇయ్యాల ఉప్పు ముందు వద్దు. ఉప్పు ముందు పడితే పప్పు బిగుసుకుంటంది. ఆకూ అంతే, లోపలున్నది బైటికి వదలట్లేదు."

"ఏటే, ఉప్పుతల్లి వాటా ఎగ్గొడతావా? కొంప ముంచుతావా?"

"ఇంకేం మిగిలిందత్తా ముంచడానికి, పొద్దుగూకితే కాగు మన నెత్తిమీదే కదా. ఎగ్గొట్టమన్లేదు. ఉప్పుతల్లి పెద్ద ముత్తైదువ. మనింట్లో నువ్వెప్పుడు తింటావు, అందరికీ పెట్టాక తీరిగ్గా కూచునే కదా. ఆవిడకీ అలాగే ఆఖర్న, పీటేసి పెడదాం."

  పైడమ్మ మెల్లిగా ఉప్పుతట్ట పక్కకి జరిపింది.

ఇప్పుడు గట్టిగా ఊ కొట్టండి, అసలుది ఇక్కడుంది.

కొండెక్కి వావిలాకు, కొండ దిగి చింతాకు, వాగు దాటి వట్టివేరు, వాకిట పసుపుకొమ్ము. వట్టినీళ్ళలో పడ్డాయి. ఒక పొంగు వచ్చింది, నీళ్ళు లేతాకు రంగయ్యాయి. రెండో పొంగు, చిలకరంగు. మూడో పొంగుకి తేనెరంగు తిరిగి, కాగులోంచి వాసన లేచింది. మొదటి వాన పడ్డ కొండలాంటి వాసన. రోకళ్ళు ఆగిపోయాయి. కొట్టుకుంటున్న కోళ్ళు ఒకదాని పక్కన ఒకటి కూచున్నాయి. కట్టుకట్టిన ఏనుగు ఆవలిస్తే, ఆ నోట్లో పిచ్చికలు దూరి కునుకు తీశాయంట. ఆవిరి కోట బురుజులు దాటింది. దాని మీదుగా పోతున్న కొంగలు రెక్కలు ఆడించడం మానేసి, అలాగే పరుపు మీద పడుకున్నట్టు ఆగిపోయాయి. నేను చూళ్ళేదు, చూసినావిడ దగ్గర విన్నాను. రెండూ ఒకటే.

నూకాలు కాగు దింపించి, ఆకు వడగట్టి, నీళ్ళు తొట్లో పోయించింది. మోచెయ్యి ముంచి చూసింది. చురుక్కుమంటే ఆగింది, మళ్ళీ ముంచింది. మోచేతికి గోరువెచ్చగా తగిలాక అప్పుడు పైడమ్మని పిలిచి, పీటేసి, ఉప్పు ఆవిడ చేత్తోనే వేయించింది. చేదుప్పు నీళ్ళలోకి దిగుతూ, ఎవరో చెవిలో చెప్పుకుంటున్నట్టు గుసగుసలాడిందంట.

రాజుని దించారు. తేలలేదు. మెడదాకా మునిగాడు.  నూకాలు తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. కడుపులో బిడ్డ కూడా తన్నడం ఆపింది.

టప్ మంది. చిటికెనవేలు కదిలింది.

వేలు కదిలితే మడమ కదిలింది, మడమ కదిలితే మోకాలు కదిలింది, మోకాలు కదిలితే నడుం కదిలింది, నడుం కదిలితే వెన్నుపూసలు ఒక్కొక్కటే ఎండు చింతకాయల్లా చిట్లాయి. ఆ చప్పుడికి ఏడూళ్ళ జనం వానొస్తుందని వడియాలు లోపల పెట్టుకున్నారు. రాజు కళ్ళల్లోంచి నీళ్ళు కారి తొట్టి పొర్లింది. పన్నెండేళ్ళ నీళ్ళు కదా మరి.

బయటికొచ్చి, పొడిబట్ట చుట్టుకుని, తనే నడుచుకుంటూ ఉయ్యాల దగ్గరికెళ్ళాడు. ముందు మెడ వంచాడు. కిరీటం కింద పడి దొర్లిపోయింది, ఎవరూ తియ్యలేదు. తన పాదాలు కనబడితే, "ఇంకా ఉన్నాయే ఇవి" అన్నాడంట. తర్వాత నడుం వంచాడు. మహారాజు వంగితే కోటలో ఉన్న వాళ్ళంతా, భటులూ మంత్రులూ ఏనుగూ, తామూ వంగి చూశారంట.

పండితులు ఆ పిల్లకి పదహారు ముక్కల పేరు రాసిచ్చారు. రాజు నోరు పిల్ల చెవి దగ్గర పెట్టాడు. ఒళ్ళు వెన్నైపోయి ఉంది, పదహారు ముక్కల్లో ఒక్కటీ గుర్తులేదు. ఒక్క మాటే వచ్చింది.

"హాయి."

ఇంకోసారి, హాయి. ఇంకోసారి, హాయి.

మూడుసార్లు అయిపోయింది, ఇహ మార్చడానికి లేదు. ఆ పిల్ల పెద్దదై హాయిరాణిగా ఆ రాజ్యం ఏలింది. అన్నట్టే వంద ఉప్పుమళ్ళూ వచ్చాయి. నూకాలు తన ఇంట్లోనే, తన పొయ్యి పక్కనే, పండంటి కొడుకుని కంది. వాడికి మొదటి నీళ్ళు పైడమ్మే పోసింది, ఉప్పుతల్లికి పీట వేసే పోసింది.

కాబట్టి బంగారాలూ, ముందు లోపలున్నది కరగనివ్వాలి, ఉప్పు ఆ తర్వాత. వంగాల్సిన చోట వంగాలి, నీళ్ళు పోసుకోమంటే పోసుకోవాలి. దాసూ, వింటున్నావా? అదిగో, ఊ ఆగిపోయింది. పడుకో నాయనా. కథ కంచి బాట పట్టింది, మనం దుప్పట్లోకి.