గవర్రాజమ్మ కొరికిన జాంకాయ

ఇటు తిరిగి పడుకో. చెయ్యి నా మీద వేసుకో. ఆఁ, ఇప్పుడు చెబుతా.

అనగనగా ఒక ఊళ్ళో, కాలవ లాకుల పక్కన, కళ్ళు మూసుకుని వాసన పట్టుకుని పోయినా దొరికే ఇల్లొకటి ఉండేది. ఆ ఇంట్లో గవర్రాజమ్మ పిండివంటలు వండి అమ్మేది. ఆవిడకి మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా పచ్చయ్య.

పచ్చయ్య అంటే మనిషి కాదు నాన్నా, రామచిలక. గాలివానకి గూట్లోంచి పడి రెక్క విరిగితే గవర్రాజమ్మ తెచ్చి పెంచుకుంది. అది ఎగరలేదు. అందుకని దానికి అరుగు మీద చిన్న దండెం కట్టింది. దాని మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని "ఎవరూ?" అని అడిగేది.

చిలక కొట్టిన పండు తియ్యన అంటారు కదా. ఒకరోజు పచ్చయ్య బూరె ఒకటి కొరికింది. ఆ రోజు బుట్టెడు బూరెలూ చిటికెలో అమ్ముడుపోయాయి. ఇంకేముంది, ఊళ్ళోవాళ్ళకి అదో పట్టింపు అయిపోయింది. చిలక కొరికితేగానీ సరుకు కొనరు. పొద్దున్నే బూరె కొరికేది. ఆ తర్వాత జంతిక. ఆ తర్వాత అరిసె. అడగందే అమ్మైనా పెట్టదంటారు, గవర్రాజమ్మ మాత్రం అడక్కుండానే పెట్టేది. అది తింటుంటే చూసి మురిసిపోయేది.

తనేమో పొయ్యి దగ్గర నిలబడే ఇంత కాఫీ తాగి పొద్దు గడిపేసేది. ఒక్కదానికి కంచం ఏం పెట్టుకుంటాంలే అనుకునేది.

అలా ఉండగా ఒక పొద్దున పచ్చయ్య "ఎవరూ?" అనలేదు. ఈకలన్నీ ఉబ్బించుకుని బంతిలా ముడుచుకు కూర్చుంది. రెట్ట నీళ్ళలా పోయింది. నిన్న తిన్నది గొంతు కింద సంచిలోనే ఉండిపోయి, కాసేపటికి కక్కేసింది. గవర్రాజమ్మ చేతిలో పని వదిలేసి దాని దగ్గరికి పరిగెత్తింది.

ఎవరి దిష్టో తగిలిందని, ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. తగ్గలేదు. అప్పుడు వాము కషాయం కాచి చెంచాతో పోసింది. తగ్గలేదు. ఆ తర్వాత, కడుపుకి చలవ చేస్తుందని పెరుగన్నం మెత్తగా కలిపి నోటికి అందించింది. పాపం, ఆవిడకి తెలిసిన ప్రేమంతా తిండే కదా. చివరికి పచ్చయ్య దండెం మీద నిలవలేక కింద పడిపోయింది.

అప్పుడు గవర్రాజమ్మ మూకుడు దించేసి, గంపలో పాత చీర పరిచి, చిలకని అందులో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పరిగెత్తింది. అక్కడ సువర్చల అనే డాక్టరమ్మ ఉండేది. ఆవిడ చిలకని చేతిలోకి తీసుకుని, పొట్ట తడిమి చూసింది.

"ఏం పెడుతున్నారండీ దీనికి?"

"నా చేతి వంటేనమ్మా. మంచి నెయ్యి, కొత్త బెల్లం. నాసిరకం ఏదీ పెట్టలేదు."

డాక్టరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. "మీ వంటకి వంక లేదు పిన్నిగారూ. కాకపోతే అది దాని కడుపు కోసం వండింది కాదు. నూనె, ఉప్పు, తీపి చిలకకి చేటు. పాలూ పెరుగూ దానికి అరగవు. పైగా ఒంట్లో బాగాలేకపోయినా పిట్టలు ముదిరేదాకా బయటపడవు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు."

మందు వేసింది. వెచ్చగా ఉంచమంది. మొలకెత్తిన పెసలు, లేత జొన్నకంకి, జాంకాయ ముక్క పెట్టమంది. పూటపూటకీ గిన్నె కడిగి మంచినీళ్ళు పొయ్యమంది.

పచ్చయ్య కళ్ళు తెరిచింది. గండం గడిచిందనుకుంటే, తిండి దగ్గర పేచీ మొదలైంది. మొలకలు పెడితే గిన్నె బోర్లించింది. కంకి పెడితే మొహం తిప్పుకుంది. జాంముక్క పెడితే విసిరికొట్టి, మూకుడు వైపు చూసింది. నీకు బీరకాయ కూర పెడితే చేస్తావే, అచ్చం అలాగే. కానీ అసలే నీరసం, తినకపోతే ఎలా? గవర్రాజమ్మ మళ్ళీ ఆసుపత్రికి పరిగెత్తింది.

డాక్టరమ్మ అంది: "చిలకలు గుంపులో తింటాయి పిన్నిగారూ. ఒకటి తింటే చూసి ఇంకోటి తింటుంది. దానికి గుంపంటే మీరేగా? మీరు తింటున్నారా?"



గవర్రాజమ్మ ఇంటికి వచ్చి, అటక మీది కంచం దింపి కడిగింది. దండెం ముందు పీట వేసుకుని కూర్చుంది. ముందు గుప్పెడు మొలకలు నమిలింది. పచ్చయ్య ఓరకంట చూసింది. అప్పుడు కంకి ఒలుచుకుని తింది. పచ్చయ్య దండెం చివరికి జరిగింది. ఆ తర్వాత జాంకాయ కసుక్కున కొరికింది. పచ్చయ్య ఆవిడ భుజం మీదికి దిగి, చెయ్యి మీదుగా నడిచి వచ్చి, ఆవిడ కొరికిన చోటే కొరికింది. గవర్రాజమ్మకి కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. ఏడుస్తూనే నమిలింది.

మర్నాడు బేరానికి వచ్చినవాళ్ళు, "చిలక కొరకలేదా? అయితే వద్దులే" అన్నారు. "దాని నోటికి ఇక మూకుడు సరుకు తగలదు. అంత కావాలంటే నేనే కొరికి ఇస్తాను" అంది గవర్రాజమ్మ. కొన్నాళ్ళు బుట్టలు మిగిలిపోయాయి. మిగిలితే మిగిలాయి అనుకుంది. ఆ వాసన ఊరుకోనిస్తుందా? వాళ్ళే మళ్ళీ వచ్చారు.

ఇదివరకు చిలక కొరికితేగానీ ఊళ్ళోవాళ్ళు తినేవాళ్ళు కాదు. ఇప్పుడు గవర్రాజమ్మ కొరికితేగానీ చిలక తినదు. అందుకని ఆవిడ రెండు పూటలా కంచం ముందు కూర్చోవలసి వచ్చేది. ఎప్పుడైనా పనిలో పడి మరిచిపోతే, అరుగు మీంచి "ఎవరూ?" అని కేక వినిపించేది. "నేనేరా, వస్తున్నా" అంటూ కంచం పట్టుకుని వచ్చేది.

బూరె బుట్టకి,
మొలక పిట్టకి,
మెతుకు పొట్టకి,
కథ కంచికి,
కునుకు మన కంటికి.